ఒక్క ఫోన్ చేసి రాయండి: తిరుపతి, చిత్తూరు విలేకరులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పేపర్లకు, టీవీలకు, యూట్యూబ్ చానళ్లకు పనిచేసే విలేకరులకు, వాళ్లు పంపిన కాపీ దిద్ది హెడ్డింగు పెట్టే డెస్కు వాళ్లకు నమస్కారం.

నేను 29 ఏళ్లు గవర్నమెంటు బళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మీలో ఇద్దరు ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్లే, వార్త మీద వాళ్ల పేరు (బైలైన్) కనబడితే పేపరు కత్తిరించి దాచుకున్న రోజులు కూడా ఉన్నాయి. కాబట్టి ఎవరో బయటివాళ్లు తిడుతున్నారని అనుకోవద్దు. కోపం లేదని మాత్రం చెప్పను, ఉంది. అది కాస్త చల్లారేదాకా ఆగి రాద్దామని మూడు నెలలు చూశాను. చల్లారలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన మార్గశిరంలో మా అయ్యవారు పోయారు. ఆరు నుంచి పది దాకా నాకు తెలుగు చెప్పిన మనిషి. నేను టీచరయ్యాక కూడా కొత్త కథ రాస్తే నాకు, ఇంకో ఇద్దరికి ముందు చదివి వినిపించి, మా మొహాలు చూసి తర్వాత దిద్దుకునేవారు. పాకాల దాటినాక లోపలికి ఒక పల్లె ఆయనది. పేరు రాయను, వాళ్ల అమ్మాయి వద్దంది. ఇప్పటికే నాన్న పేరు పడకూడని చోట్లంతా పడింది అంది. రాష్ట్రమంతా తెలిసిన రచయిత కాదాయన. నాలుగు కథల పుస్తకాలు వేసుకున్నారు, రెండింటికి సొంత డబ్బే పెట్టుకున్నారు. కానీ మామిడి తోపుల్లో కాపలా పడుకునే మనుషుల గురించి, బెల్లం గానుగ దగ్గర రాత్రంతా పొయ్యి ఎగదోసే ఆడవాళ్ల గురించి ఆయన రాసినట్టు రాసినవాళ్లు మన వైపు తక్కువ. ఇది నా మాట, ఒప్పుకోనివాళ్లు చదివి చూడొచ్చు.

ఆయన పోయిన మరుసటి రోజు ఒక పేపరు జిల్లా పేజీలో పెద్ద బాక్సు వచ్చింది. కవి ఆకలితో చనిపోయాడని హెడ్డింగు. ఆయన కవి కూడా కాదు, జీవితంలో ఒక్క పద్యం అచ్చు వేయించలేదు. బాక్సులో ఒక ఫొటో. చొక్కా లేకుండా, పక్కటెముకలు కనిపిస్తూ, గడప మీద కూర్చుని నేల చూస్తున్న ముసలాయన. ఆ ఫొటో ఎప్పటిదో నాకు తెలుసు, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. రెండేళ్ల కిందట ఉగాది ముందు, జిల్లా రచయితల మీద ఏదో స్పెషల్ వేస్తున్నామని ఒక కుర్రాడు కెమెరాతో వచ్చాడు. అయ్యవారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, తన పుస్తకాలు నాలుగూ ముందు పేర్చుకుని కూర్చున్నారు. ఆ పిల్లవాడు రెండు ఫొటోలు తీసి, ‘సార్, చొక్కా తీసేసి గడప మీద కూర్చోండి, న్యాచురల్‌గా ఉంటది’ అన్నాడు. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే కాదనడం ఆయనకు చేతకాదు. లేచి చొక్కా విప్పి కొయ్యకు తగిలించి వచ్చి కూర్చున్నారు. కొంచెం కిందికి చూడండి సార్ అంటే కిందికి చూశారు. ఉగాదికి ఆ స్పెషల్ రానే లేదు. ఆ ఫొటో మాత్రం ఎవరి కంప్యూటర్లోనో దాగుండి, రెండేళ్ల తర్వాత ఆకలికి సాక్ష్యంగా బయటికొచ్చింది.

ఆకలి గురించి చెబుతాను. ఆయనకు టీచరు పెన్షన్ వచ్చేది. భార్య పోయాక తిరుపతికి వచ్చేయమని కూతురు ఎన్నిసార్లు అడిగినా, పుస్తకాలు, చింతచెట్టు వదిలి రానన్నారు. అందుకని ఆ అక్క 6 ఏళ్లపాటు, ఆదివారం కూడా మానకుండా, పొద్దున్నే క్యారియర్ కట్టి బస్టాండుకు పోయి, ఆ పల్లెకు పోయే పల్లెవెలుగు కండక్టరు చేతికిచ్చి వచ్చేది. మూడు గిన్నెల క్యారియర్. కింద గిన్నెలో సంగటి, మధ్యలో పప్పో పులగూరో, పైన ఊరిబిండి. ఊరి స్టాపులో పక్కింటి పిల్లవాడు అందుకునేవాడు, సాయంత్రం ట్రిప్పుకు ఖాళీ క్యారియర్ తిరిగొచ్చేది. ఒకసారి ఆ గిన్నెలో చిన్న చీటీ పెట్టి పంపారట: ‘ఈ రోజు ఉప్పు తగ్గింది, నువ్వు బాగున్నావా’ అని. ఆ చీటీ ఇప్పటికీ అక్క దగ్గర ఉంది. ఆ కండక్టర్లలో ఎవరిని అడిగినా మీకు ఈ కథ చెప్పేవాళ్లు. ఆకలి కంటే మంచి కథ అది, పైగా నిజం. ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నానికి ఒక యూట్యూబ్ చానల్ ఇంకో మెట్టు ఎక్కింది. కన్నకొడుకు గెంటేశాడని థంబ్‌నెయిల్. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు, నెలకోసారి వచ్చేవాడు, ఆఖరి వారం రోజులూ ఆస్పత్రిలో తండ్రి మంచం పక్కన కింద దుప్పటి పరచుకుని పడుకున్నాడు. అంతటితో పోలేదు. చనిపోతూ ‘నా పుస్తకాలు నాతోపాటే కాల్చేయండి’ అన్నారని ఇంకొకరు రాశారు. ఆఖరి రెండు రోజులు ఆయన మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది, మాట లేదు. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో మాకు ఈ రోజుకీ తెలీదు. పుస్తకాలను ఆయన బతికుండగానే నాలుగు బియ్యం సంచుల్లో కట్టి, ఊరి బడికి ఇవ్వాలని పైన చాక్‌పీసుతో రాసి పెట్టారు. వార్త చూసి ఆ బడి హెడ్మాస్టరు నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ‘కాల్చేశారా మేడమ్’ అని అడిగారు.

పదకొండో రోజున ఊళ్లో ఒకాయన కొడుకును అందరి ముందూ నిలదీశాడు. ఏం నాయనా, తండ్రికి ఇంత ముద్ద పెట్టలేకపోయావా అని. ఆ అబ్బాయి ఏమీ అనలేదు, నేల చూస్తూ నిలబడ్డాడు, అచ్చం ఆ ఫొటోలో తండ్రి చూసినట్టే. అక్క పేపరు ఆఫీసుకు ఫోన్ చేస్తే, డెస్కులో ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. ‘మేడమ్, మీ నాన్నగారి గురించి పాజిటివ్‌గానే వేశాం కదా, ఇలా వస్తే గవర్నమెంటు నుంచి ఏదైనా సాయం వస్తుంది’ అన్నాడు. అయిదో రోజున లోపలి పేజీలో అడుగున రెండు లైన్ల సవరణ. అందులో ఏది తప్పో లేదు, ఏది ఒప్పో లేదు.

ఆ డెస్కు ఆయన మాట నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. మన దగ్గర రచయిత అంటే రెండే బొమ్మలు స్థిరపడిపోయాయి, ఒకటి పూలదండల మధ్య మహనీయుడు, రెండోది దిక్కులేని చావు చచ్చిన అభాగ్యుడు. మనిషి వీటిలో దేనికీ సరిపోకపోతే చొక్కా విప్పించి మరీ సరిపోయేట్టు చేస్తున్నారు. కూతురు పంపే క్యారియర్ కోసం బస్సు టైముకు చింతచెట్టు కింద కూర్చునే ముసలాయనకు మీ పేజీలో చోటు లేదు.

మనం ఉండేది ఏ కొండ కిందో ఒకసారి గుర్తు చేసుకోండి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి శ్రీవారి గుడిలో ఒక చిన్న అరలో దాచారని, వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా ఉండి పోయిన శతాబ్దంలో మళ్లీ వెలుగు చూశాయని మీకు తెలుసు. ఆ రేకుల్లో మొదటిదాన్లో ఏముందో చాలామందికి తెలీదు, నా క్లాసులో నేను ప్రతి ఏడూ చెప్పేదాన్ని. శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో, ఆయనకు 16 ఏళ్లప్పుడు స్వామి ప్రత్యక్షమైతే అప్పటినుంచి పాడడం మొదలుపెట్టాడని, శకం 1424 దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా పాడాడని ఉంటుంది. ఇంగ్లీషు లెక్కలో 1424 నుంచి 1503 దాకా. స్వామి కనిపించడం వాళ్ల నమ్మకం, నమ్మకాన్ని కూడా ఏ ఏడాదో వేసి రాశారు. చివరికి తిథితో సహా పెట్టి ఆపేశారు. ఏడుపులు లేవు, ఆఖరి మాటలు లేవు. 500 ఏళ్ల తర్వాత కూడా ఆ తిథికి వర్ధంతి చేసుకుంటున్నామంటే ఆ ఒక్క వాక్యం వల్లే.

ఆయన జీవితంలోని కథలన్నీ మనకు వేరే చోటినుంచి వచ్చాయి. మనవడు చిన్నన్న ద్విపదలో తాత చరిత్ర రాశాడు. సాళువ నరసింహరాయలు తన మీద పదం పాడమంటే అన్నమయ్య పాడనన్నాడని, సంకెళ్లు వేయిస్తే అవి ఊడిపడ్డాయని, 32 వేల సంకీర్తనలు చెప్పాడని మనవడు చెప్పిందే. దొరికిన రేకుల్లో అందులో సగం కూడా లేవు. ఆ చరిత్రను అచ్చుకు సిద్ధం చేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అది చేత పట్టుకుని ఉన్నదంతా నిజమేనని ఊరుకోలేదు, మనవడిదంతా గొప్పలని కొట్టిపారేయనూ లేదు. శాసనాల పక్కన పెట్టి, సంకీర్తనల పక్కన పెట్టి, ఏది దేనితో కలుస్తుందో చూస్తూ పెద్ద పీఠిక రాశారు. రేకులో ఉన్నది రేకు చెప్పింది, మనవడు చెప్పింది మనవడు చెప్పాడు. నేను మిమ్మల్ని అడుగుతున్నది ఆ పనే, ఇంకేం లేదు. పక్కింటాయన చెప్పాడా, పక్కింటాయన చెప్పాడని రాయండి. మీరు కళ్లతో చూశారా, చూశానని రాయండి.

తేదీలంటారా, తేదీలు మాత్రం ఎన్ని తప్పులు పోతున్నాయో. జాతీయగీతం రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో కూర్చుని రాశారని నా పిల్లల వ్యాసాల్లో ఎన్ని వందల సార్లు దిద్దానో లెక్కలేదు. ఎక్కడ చదివారురా అంటే పేపర్లో అని చెప్పేవాళ్లు. ఆ పాట 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసులో పాడారు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ఆయన వచ్చింది 1919 ఫిబ్రవరిలో, అక్కడ చేసింది దాని ఇంగ్లీషు అనువాదం. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ ఉన్నారప్పుడు, ఆవిడే ఆ పాటకు స్వరం రాసి పెట్టింది. నిజం చెప్పినా మదనపల్లెకు గొప్పే కదా, తక్కువేం కాలేదు.

మీ వృత్తిలోంచే ఒక పెద్దాయన గురించి చెబుతాను. గాబ్రియేల్ గార్సియా మార్కెజ్‌ను నోబెల్ వచ్చిన నవలాకారుడిగా మీరు చదివే ఉంటారు. ఆయన ముందు విలేకరి. 1955లో కొలంబియాలో ఒక యుద్ధనౌక మీదినుంచి కొందరు నావికులు సముద్రంలో పడిపోతే, 20 ఏళ్ల కుర్రవాడొకడు పది రోజులు తిండీ నీళ్లూ లేకుండా తెప్ప మీద కొట్టుకుపోయి బతికి బయటపడ్డాడు. ప్రభుత్వం అతన్ని హీరోని చేసింది, వాచీల కంపెనీ దగ్గర్నుంచి బూట్ల కంపెనీ దాకా అతనితో ప్రకటనలు ఇప్పించాయి, అందరూ రాసేశారు. అంతా అయిపోయాక ఆ కుర్రవాడు తన కథ అమ్ముకుందామని పేపరు ఆఫీసుకు వచ్చాడు. పాతబడిన వార్తే కదా అని వదిలేయకుండా మార్కెజ్ అతనితో 20 రోజులు, రోజుకు ఆరు గంటలు కూర్చున్నాడు. మధ్యమధ్యలో మెలికల ప్రశ్నలు వేసి, ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పినదానికీ పొంతన ఉందా అని చూశాడు. ఒకరోజు తుఫాను ఎలా వచ్చిందో చెప్పమంటే ఆ కుర్రవాడు నవ్వి, తుఫాను లేనే లేదన్నాడు. గాలికి ఓడ ఒరిగింది, డెక్కు మీద సరిగా కట్టని దొంగ సరుకు తెగిపోయి మనుషుల్ని సముద్రంలోకి లాక్కుపోయింది. అమెరికాలో కొన్న ఫ్రిజ్జులూ టీవీలూ వాషింగ్ మెషీన్లూ అవి. 14 భాగాలుగా వేశారు, ప్రభుత్వం కాదంటే తోటి నావికులు తీసిన ఫొటోలు సంపాదించి పెట్టెలతో సహా అచ్చు వేశారు. 

మా అయ్యవారి దగ్గరికి ఒక్క అరగంట వచ్చినవాళ్లు కూడా లేరు. ఊరికే వచ్చి ఒక టీ తాగి కూర్చుని ఉంటే చాలు, ఆ క్యారియర్ వచ్చే టైముకు మీరే చూసేవాళ్లు.

అదే మార్కెజ్‌కు 2000లో ఏమైందో కూడా చూడండి. ఆయనకు క్యాన్సర్ అని అందరికీ తెలుసు. ఆ మే నెలలో పెరూలో ఒక పేపరు, ఆయన లోకానికి వీడ్కోలు చెబుతూ రాసిన కవిత అని ఒకటి వేసింది. చేతి నుంచి చేతికి అది దేశదేశాలకు పాకింది, చదివి ఏడ్చినవాళ్లు ఎందరో. తీరా చూస్తే అది మెక్సికోలో బొమ్మలాట ఆడించే ఒక కళాకారుడు తన బొమ్మ కోసం రాసుకున్నది. మార్కెజ్ ఆ తర్వాత 14 ఏళ్లు బతికాడు. అంత పెద్ద రచయిత కాబట్టి అది నాది కాదు అని చెబితే లోకం విన్నది. అమెరికా రచయిత హెమింగ్వే కూడా 1954లో ఆఫ్రికాలో రెండు రోజుల్లో రెండు విమాన ప్రమాదాల నుంచి బయటపడి, తన చావు వార్తలు తనే చదువుకున్నాడు. మా అయ్యవారు లేచి వచ్చి, అమ్మా, పుస్తకాలు కాల్చమని నేననలేదు అని చెప్పలేరు కదా. చనిపోయినవాడి నోట్లో మాట పెట్టడం అందుకే అన్నిటికంటే పెద్ద తప్పు అంటాను నేను.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది, నాకు తెలుసు. కుటుంబం చెప్పిందే రాయాలా, వాళ్లు దాచిపెట్టేవి ఉండవా అని. ఉంటాయి. దాచడానికి మీరు తోడు కావాలని నేను అనడం లేదు. కెనడా కథారచయిత్రి ఆలిస్ మన్రో 2024 మే నెలలో పోయింది, నోబెల్ వచ్చిన మనిషి, లోకమంతా నివాళులు రాసింది. రెండు నెలలు తిరక్కుండా ఆమె చిన్న కూతురు టొరంటోలోని ఒక పేపర్లో రాసింది, చిన్నప్పుడు సవతి తండ్రి తనను లైంగికంగా హింసించాడని, తర్వాత తల్లికి చెప్పినా తల్లి అతనితోనే ఉండిపోయిందని. సవతి తండ్రి 2005లోనే కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఆ ఏడాదే మన్రో జీవితచరిత్ర అచ్చయింది. కూతురు విషయం ఆ పుస్తకం రాసినాయనకు తెలుసు, అయినా పుస్తకంలో లేదు. కోర్టు రికార్డులో ఉన్న నేరాన్ని, ఒక బిడ్డ నోరు విప్పి చెబుతున్న బాధని ఇంటి విషయం అని పక్కన పెట్టడం కూడా అబద్ధం రాసినంత పనే.

దానికి పక్కనే ఇంకోటి పెట్టి చూడండి. ఇటలీలో ఎలెనా ఫెరాంటే అనే కలంపేరుతో రాసే రచయిత్రి ఉంది, తానెవరో చెప్పనని మొదటినుంచీ అంటూనే ఉంది. 2016లో ఒక విలేకరి ఆమె పబ్లిషరు చెల్లించిన డబ్బుల లెక్కలు, ఆస్తుల రిజిస్ట్రేషన్లు తవ్వి, ఆమె ఫలానా అని పేరు బయటపెట్టాడు. ఆమె ఎవరినీ మోసం చేయలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. లంచం తిన్న అధికారి మీద వాడాల్సిన పనిముట్టును కథలు రాసుకునే ఆడమనిషి మీద వాడాడు. పాఠకులు ఆయన్ను మెచ్చుకోలేదు, చాలామంది తిట్టారు. ఈ రెండు కేసులకూ తేడా కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకచోట దెబ్బతిన్న మనిషి మాట్లాడుతోంది. రెండోచోట దెబ్బతిన్నవాళ్లే లేరు, ఆరాటం ఒక్కటే ఉంది.

మన తెలుగులో కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, రాజమండ్రిలో లంచాలు తినేవాళ్ల గుట్టు బయటేస్తే ఊరంతా పగ పట్టింది. భయపడలేదాయన. తన జీవితం కూడా తనే రాసుకున్నాడు, గొడవలతో సహా. చలాన్ని చూడండి, ఆయన రాసినదాని కంటే ఆయన గురించి చెప్పుకున్నదే ఎక్కువ, 1950లో అరుణాచలం వెళ్లిపోయి 1979లో పోయేదాకా అక్కడే ఉన్నా ఆ చెప్పుకోవడం ఆగలేదు. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు చలం పుస్తకం ఒక్కటీ చదవకుండానే చలం ఎలాంటివాడో చెప్పేస్తారు. వినికిడి అంత బలంగా పాతుకుపోతుంది. మన వైపు పెద్దల సంగతి ఇంకో రకం, వినికిడి కూడా మిగల్లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టి అటు కథలూ ఇటు పత్రికలూ రెండూ మోసిన కె. సభా గారి గురించి, దామలచెరువులో బడిపంతులుగా ఉంటూ వందల కథలు రాసి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్న మధురాంతకం రాజారాం గారి గురించి పాత పేపర్లు వెతికితే సన్మానాల ఫొటోలు, శాలువాలు దొరుకుతాయి. పొద్దున ఎన్నింటికి లేచేవారు, ఏ కాగితాల మీద రాసేవారు, ఏ కథకు ఎవరు కోపం తెచ్చుకున్నారు, అవి అడిగినవాళ్లు ఎంతమంది?

చట్టం గురించి ఎక్కువ చెప్పను, మీకే బాగా తెలియాలి. తమిళనాడులో ఉరిశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ జీవితకథను నక్కీరన్ అనే తమిళ పత్రిక వేయడం మీద 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకసారి చదవండి. కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్నది అడక్కుండానే వేసుకోవచ్చు, అంతకు మించి ఇంటి లోపలికి, పెళ్లిలోకి, పిల్లల్లోకి పోవాలంటే మనిషి ఒప్పుకోవాలి అన్నది. చనిపోయినవాళ్ల మీద రాసినా, వాళ్లు బతికుంటే పరువు పోయేలా ఉండి, ఇంట్లోవాళ్ల మనసు గాయపరిచేలా ఉంటే అది పరువునష్టమే అవుతుందని పాత ఐపీసీలోనూ ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356లోనూ ఉంది. ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయమని కొందరు మాకు సలహా ఇచ్చారు. చానళ్లు దాని పరిధిలోకి రావు, పేపరును మందలించగలదు తప్ప జరిమానా వేయలేదు. అక్క కోర్టుకు పోదు. మా నాన్న పేరు వాయిదాల్లో పిలిపించుకోలేను అంది. అంటే ఆ ఇంటికి మీరు తప్ప ఇంకో దిక్కు లేదు, ఈ ఉత్తరం మీకే రాయడం అందుకే.

జీతం లేకుండా వార్తలు పంపే స్ట్రింగర్ల కష్టం తెలియక రాస్తున్నానని అనుకోవద్దు. నా దగ్గర చదివిన పిల్లవాడొకడు మండల విలేకరిగా ఏడేళ్లు చేశాడు. లైన్ అకౌంటు పేరిట, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, వచ్చేది పెట్రోలుకు చాలదు. పండక్కి ఇంత యాడ్ తేవాలని టార్గెట్, అడగడానికి పోతే ఎవరి గురించి రాయాలో వాళ్ల గడపే ఎక్కాలి. సాయంత్రం ఆరు లోపల కాపీ పంపకపోతే డెస్కు నుంచి ఫోన్ మీద ఫోన్, ఆ టెన్షన్‌లో పక్క పేపరువాడి గ్రూపులో వచ్చినదే మార్చి పంపేవాణ్ని మేడమ్ అని వాడే నాతో చెప్పాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. జీతం ఇవ్వకుండా గుర్తింపు కార్డు ఒకటి మెడలో వేసి, వార్త తెమ్మని రోడ్డు మీద వదిలేసే యాజమాన్యాల మీద వచ్చింది. చావు వార్తకు ఒక గంట టైం ఇవ్వండి, రేపటి పేజీలో వేసినా మునిగిపోయేదేం లేదు. రచయిత చావు బ్రేకింగ్ న్యూస్ కాదు, ఆయన ఇంక ఎక్కడికీ పోడు.

డెస్కులో ఉండేవాళ్లకు ఒక మాట. విలేకరి పంపిన కాపీలో ఆకలి, గెంటేశారు, దిక్కులేని చావు, ఆఖరి కోరిక లాంటి మాట కనబడితే ఆ కాపీ ఆపి, ఎవరు చెప్పారు నాయనా అని అడగండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడావా అని అడగండి. లేదంటే నంబరు తీసుకుని మీరే చేయండి, రెండు నిమిషాల పని. ఫొటో ఎప్పటిదో ఫొటో కిందే రాయండి. తప్పు పోతే, తప్పు పడిన పేజీలోనే, కనబడే సైజులో, ఫలానాది తప్పు, నిజం ఇది అని వేయండి. అక్క అడిగింది అదొక్కటే. డబ్బు అడగలేదు, క్షమాపణ కూడా అడగలేదు.

యూట్యూబ్ చానళ్ల తమ్ముళ్లకు: కొడుకు గెంటేశాడన్న ఆ వీడియో ఇంకా ఉంది. పేరు కొడితే మొదట అదే వస్తుంది. అయ్యవారి అబ్బాయికి ఏడో తరగతి చదివే కూతురుంది, దానికి ఫోన్ చూడడం వచ్చు. తీసేయండి.

పుస్తకాలు నాలుగు సంచులూ మొన్న జనవరిలో ఆ ఊరి బడికి చేరాయి. హెడ్మాస్టరు ఒక బీరువా ఖాళీ చేయించి పెట్టించారు. మొత్తం 412 పుస్తకాలు, చాలావాటి మార్జిన్లలో అయ్యవారి పెన్సిలు రాతలున్నాయి. పిల్లలు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుపోతున్నారు. ఎవరైనా వచ్చి చూస్తామంటే సంతోషంగా తీసుకుపోతాను.

ఆ రోజు మీ పేజీలో ఏం వేసి ఉండాల్సిందో నేనూ అక్కా ఫోన్లో కూర్చుని ఒక్కొక్క మాటా సరిచూసుకుని రాసుకున్నాం. ఇది వేయండి, అదే పేజీలో, అదే చోట. చొక్కా వేసుకున్న ఫొటో నేనిస్తాను.

‘కథకుడు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, 84 ఏళ్లు, పాకాల వైపు తన సొంత ఊరి మనిషి, జబ్బుపడి 9 రోజులు తిరుపతిలో ఆస్పత్రిలో ఉండి మార్గశిర మాసంలో ఒక తెల్లవారుజామున పోయారు. 31 ఏళ్లు బళ్లలో పాఠం చెప్పారు. నాలుగు కథల పుస్తకాలు రాశారు. కొడుకు, కూతురు ఆ సమయంలో పక్కనే ఉన్నారు. పుస్తకాలను ఊరి బడికి ఇచ్చారు.’